మెట్ల లెక్క ఎవరూ అడగలేదు

మన తణుకు హాస్టల్‌లో రాత్రి భోజనానికి ఎంతమంది ఉన్నామో వార్డెన్ గారికి చెప్పాలనుకుందాం. ఉన్నది 64 మందిమి. ఒక్కొక్కరం వెళ్లి చెబితే ఆఖరివాడి వంతు వచ్చేసరికి ఎసరు మరిగిపోతుంది. ఇద్దరిద్దరం కూడుకుని, ఆ జంటలు మళ్లీ జంటలుగా కూడుకుంటూ పోతే 6 విడతల్లో మొత్తం తేలుతుంది. పీజీలో మాకు ప్యారలల్ కంప్యూటింగ్ అంటే ఇదే చెప్పారు. ‘6’ అని రాశాం, మార్కులు వేశారు.

అది సగం జవాబేనని మా అభిప్రాయం. ఎవరు ఎవరితో కూడాలో ఎవరూ అడగలేదు. సగం మంది పైన, సగం కింద ఉన్నారు. పక్క మంచం వాడితో మొదలుపెడితే మెట్లు దిగేది చివర్లో ఒక్కడే. పైవాడికీ కిందివాడికీ ముందే జత కడితే మొదటి విడతలోనే 32 మంది ఆ ఒక్క మెట్ల మీద పడతారు. విడతలు మాత్రం అవే 6.

పాఠాల్లో చెప్పే పీ-ర్యామ్ నమూనా 1978 నాటిది. అందులో మాట మోసుకెళ్లడానికి ఖర్చే లేదు. 1993లో డేవిడ్ కల్లర్ బృందం తెచ్చిన లాగ్‌పీ ఆ ఖర్చును లెక్కగట్టింది: సందేశం ప్రయాణించే కాలం, పంపడానికీ అందుకోవడానికీ ప్రాసెసర్ పడే శ్రమ, రెండు సందేశాల మధ్య ఎడం. అదీ మెట్లను విడిగా చూడదు. దారిలో తోపులాటను కూడా లెక్కలోకి తెచ్చిన లాగ్‌జీపీసీ 1998లో వచ్చింది. మా సిలబస్ ఇంకా 1978లోనే ఉంది!

ఇదేదో పండితుల గొడవ అనుకోకండి. అరువు తెచ్చిన నాలుగు ల్యాప్‌టాప్‌లను ఒక ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి మాత్రికల గుణకారం చేయించాం. ఒక్క ల్యాప్‌టాప్ కంటే నాలుగూ కలిసి ఎక్కువసేపు తీసుకున్నాయి. “మీకు కోడింగ్ రాదు” అన్నారు. నమ్మేశాం. హాస్టల్ పిల్లలం ఆ మాట మరీ తొందరగా నమ్ముతాం. నెల పోయాక లెక్కకు ఎంతసేపు, పంపకానికి ఎంతసేపు అని విడివిడిగా కొలిచాం. కాలమంతా పంపకానికే పోతోంది. వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. చెరకు నరికేవాళ్లను రెట్టింపు చేసి కాటా ఒకటే ఉంచితే బళ్లన్నీ రోడ్డు మీద నిలబడతాయని తణుకులో ఎవరికి తెలియదు? మాకే తట్టలేదు.

ప్రాజెక్టు చేసే తమ్ముళ్లు ముందు ఆ రెండు కాలాలూ కొలవండి, ఐదో ల్యాప్‌టాప్ సంగతి తర్వాత. మన పాత విద్యార్థుల్లో లెక్చరర్లయినవారికి మరో విన్నపం: ఈసారి ప్రశ్నపత్రంలో ‘ఎన్ని విడతలు?’ పక్కనే ‘మెట్లు ఎందరు దిగారు?’ అని కూడా అడగండి.