బీరువా తీసేసి టీవీ పెడదామా?



పోయిన ఆదివారం మన సంఘం మీటింగులో ఒక మాట వచ్చింది. గదిలో ఉన్న పుస్తకాల బీరువా తీసేసి ఆ గోడకు పెద్ద టీవీ పెడదామని. "పుస్తకాలు ఎవరు చదువుతున్నారు సార్? మంచి కథలన్నీ సీరియల్‌గానో సినిమాగానో వచ్చేశాయి, పిల్లలు అవే చూస్తారు" అన్నాడు మన కుర్రాళ్లలో ఒకడు. అప్పుడు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి ఆలోచించి రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు టీవీ తరఫున ఒక మాట. మా అమ్మకు చదువు రాదు. కాటన్‌పేటలో మేమున్న వఠారంలో ఒక అక్క సాయంత్రం పూట వారపత్రికలో వచ్చే నవల పైకి చదివేది. అమ్మ బియ్యం ఏరుకుంటూ వినేది. ఆ అక్క పెళ్లయి వెళ్లిపోయాక అమ్మకు కథలు చెప్పింది టీవీయే. కాబట్టి టీవీ అంటే తక్కువ, పుస్తకమంటే ఎక్కువ అనే మాట నా నోట రాదు.

కానీ రెండూ ఒకటే అంటే మాత్రం ఒప్పుకోను.

మన ఊరివాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ 'మాల్గుడి డేస్'. ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో వచ్చింది. మన శంకర్ నాగ్ 1986-87 ప్రాంతంలో దాన్నీ, నారాయణ్ ఇతర కథలనీ ఆగుంబెలో తీసి దూరదర్శన్‌కు ఇచ్చాడు. సోమవారం పొద్దున్నే స్వామికి ఎందుకంత దిగులో నారాయణ్ నవల మొదట్లోనే చిన్నగా నవ్వుతూ చెప్పేస్తారు. ఆ నవ్వు రచయితది. సీరియల్లో రచయిత కనపడడు కదా, అందుకని ఆ పని మాస్టర్ మంజునాథ్ ముఖం చేసింది, ఎల్. వైద్యనాథన్ సంగీతం చేసింది. మార్పు పెద్దదే, అయినా కథకు నష్టం రాలేదు.

అదే నారాయణ్ 'గైడ్' 1965లో సినిమా అయినప్పుడు ఆయన నొచ్చుకుని వ్యాసమే రాశారు. తన చిన్న ఊరిని రాజస్థాన్ కోటల మధ్యకు తీసుకుపోయారని ఆయన బాధ. మరి ఆగుంబె కూడా మాల్గుడి కాదు కదా, మలెనాడు ఊరు! తేడా ఊరిది కాదు, కొలతది. శంకర్ నాగ్ చిన్న ఊరిని చిన్నదిగానే ఉంచాడు, చిన్న కథను చిన్నదిగానే చెప్పాడు.

ఇంకో ఉదాహరణ. మన యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల' నవలను 1995లో సునీల్ కుమార్ దేసాయి కన్నడంలో 'బెళదింగళ బాలె'గా తీశాడు. అది సినిమా అయినా మన మాటకు పనికొస్తుంది. చదివేటప్పుడు ఆ అమ్మాయి ముఖాన్ని ఎవరికి వాళ్లే ఊహించుకుంటారు. తెర మీద అది కుదరదు, ఎవరో ఒకరిని చూపించాలి. దేసాయి చివరిదాకా గొంతు మాత్రమే వినిపించి, ముఖం చూపించలేదు. పాఠకుడి వాటాను పాఠకుడికే వదిలేశాడు. అలా వదిలే దర్శకులు ఎందరున్నారు?

ఇప్పటి డైలీ సీరియళ్లలో జరిగేది దీనికి తలకిందులు. రెండు మూడు రోజుల్లో చదివేసే నవలను ఏళ్ల తరబడి నడపాలి. రోజూ ఒక చోట ఆపి, రేపు ఏమవుతుందోనని ఉత్కంఠ పెట్టాలి. కథ సరిపోదు కాబట్టి నవలలో లేని విలన్ వస్తాడు, అత్త కుట్రలు వస్తాయి. తీసేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు, ఆ లెక్కే అంత. నవలకు ముగింపు ఉంటుంది, డైలీ సీరియల్‌కు రేటింగ్ ఉంటుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది భాష. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' బాపు బొమ్మలతో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. శ్యామ్ బెనెగల్ అంతటివాడు వాటిని 1990లలో దూరదర్శన్‌కు తీశాడు, హిందీలో. దేశమంతా చూసింది, మంచిదే. కానీ రెండు మూడు పేజీల ఆ కథల ప్రాణమంతా కృష్ణ ఒడ్డు మాటలో ఉంది. ఆ మాట హిందీలోకి ఎలా వస్తుంది?

అసలు సంగతి ఇక్కడే ఉంది. మన పిల్లలు బడిలో కన్నడ, ఇంగ్లీషు చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లకు సీరియలే నవల. దాన్ని పక్కన పెట్టి పోల్చుకోవడానికి రెండోది వాళ్ల దగ్గర లేదు. తెలుగు చదవడం వచ్చినవాడు సీరియల్ చూసి "పుస్తకంలో ఇలా లేదే" అనగలడు. రానివాడు చూపించిందే నమ్మాలి. బీరువా తీసేస్తే ఆ ప్రశ్న అడిగే దారి కూడా మూసేసినట్టే.

కాబట్టి నా మనవి. టీవీ కొందాం, నేనూ నా వంతు ఇస్తాను. బీరువా మాత్రం అక్కడే ఉండనిద్దాం. నెలకో ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి ముందు ఒక అమరావతి కథ పైకి చదువుదాం, పావుగంట కూడా పట్టదు. తర్వాత టీవీలో 'మాల్గుడి డేస్' ఒక ఎపిసోడ్ వేద్దాం. చదివే పని మొదటి నెల నాది. మా వఠారంలో ఆ అక్క చేసింది అదే కదా.

రెండో నెల ఎవరు చదువుతారో కింద పేరు రాయండి.