తూము పక్కన తేమ

చుట్టూ చేలు ఎండిపోయినా పొలం కుంట కట్టకు వెనకవైపు, మిగులు నీరు పోయే పైపు మూతి దగ్గర మాత్రం గడ్డి పచ్చగా కళకళలాడుతుంటుంది. ఆవుకు మేత దొరికిందని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. కట్టలు చూసిన పెద్దాయనెవరైనా వెంట ఉంటే ఆ గడ్డిని పక్కకు తీసి, కింది మట్టిని వేలితో నొక్కి చూస్తాడు.

ఆ పైపు వేసి పాతికేళ్లు దాటి ఉంటుంది. ఇనుపదైతే అడుగున తుప్పు తిని చిల్లులు పడతాయి. సిమెంటుదైతే అతుకుల దగ్గర నోరు తెరుస్తుంది. నీరు పైపులోంచి కాక పైపు వెంట, బయటి మట్టిలోంచి దారి వెతుక్కుంటుంది. తేటగా ఊరినంతసేపు కాస్త గడువున్నట్టే. బురదగా వస్తే మాత్రం కట్ట లోపలి మట్టి కరిగి వచ్చేస్తోందన్నమాట. ఆ బుంగ వెనకనుంచి మొదలై కుంటవైపు తొలుచుకుంటూ పోతుంది. నీటిని అందుకున్న రోజున గండి పడటానికి గంటలు చాలు!

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెప్పింది. కట్టలోంచి నీరు ఊరడం వాటిలో ఒకటి.

మరి పైపు మార్చేదెలా? కొందరు పాత పైపులోకి సన్నది దూర్చి, సందులో సిమెంటు పాలు పోసేస్తారు. కట్ట తవ్వే పని తప్పుతుంది నిజమే. కానీ పన్నెండంగుళాల పైపులో తొమ్మిదంగుళాలది పెడితే నీటికి మిగిలే దారి సగం కంటే కాస్తే ఎక్కువ. వాన ఆ లెక్క చూసుకుని కురవదు కదా!

తవ్వడానికే సిద్ధపడితే కుంట ఎండిన వేసవిలోనే. గోడలా నిట్టనిలువుగా కోస్తే కొత్త మట్టి పాతదానికి అతకదు, వాలుగా కోయాలి. ఇంటిముందు మురుగు పైపు వేసే అలవాటుతో మేస్త్రీ అడుగు పొడవునా ఇసుక పరుస్తానంటాడు. ఒప్పుకోకూడదు. కట్టలో అది నీటికి వేసిన బాటే. బంకమట్టినే తడిపి, ఆరంగుళాల పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టించాలి. పిడికిట్లో నొక్కితే మట్టి ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. పైపు బొజ్జ కింద, రెండు పక్కలా దిమ్మిస సరిగా ఆనదు. ఓపిక పట్టాల్సింది అక్కడే, కూలీలు తొందరపడేదీ అక్కడే.

పైపు చుట్టూ సిమెంటు పట్టీలు కట్టి నీటిని ఆపడం పాత పద్ధతి. ఆ పట్టీల పక్కన మట్టి గట్టిపడక అక్కడే సందులు మిగులుతున్నాయని అమెరికాలో 1980ల తరవాత దారి మార్చారు. కట్ట వెనక భాగంలో పైపు చుట్టూ శుభ్రమైన ఇసుకను అడ్డుగోడలా పేరుస్తారు. నీరు వడకట్టుకుని బయటికి పోతుంది, మట్టి రేణువు ఆగిపోతుంది. అడుగు పొడవునా వద్దన్న ఇసుకే ఇక్కడ కాపలా కాస్తుంది.

పైపు ఎంత పెద్దదైనా దాన్నొక్కదాన్నే నమ్ముకోవడం తప్పు. ఓ చెత్తకొమ్మ అడ్డం పడితే చాలు. కట్ట చివర గట్టి నేల మీద ఓ అలుగు ఉండాల్సిందే. తెలంగాణలో మత్తడి అన్నా, సీమలో మరవ అన్నా అదే. నీరు మట్టికట్ట మీదుగా పొర్లితే ఏమవుతుందో 2021 నవంబరు 19న అదే కడప జిల్లాలో, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు దగ్గర అందరూ చూశారు. దిగువ ఊళ్లను వరద ముంచేసింది.

కొత్త పైపు వేశాక తొలి వానలకు కుంట నిండేటప్పుడు రోజూ కట్ట వెనక ఓ చుట్టు తిరగాలి. ఎక్కడైనా చెమ్మ ఊరితే ఆ నీరు గాజుగ్లాసులో పట్టి, కాసేపు కదపకుండా ఉంచి, అడుగున మన్ను పేరిందేమో చూడాలి.