రిపోర్టులో ఏమీ లేదన్నాక

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

లైంగిక దాడికి గురైన మహిళకు ప్రభుత్వ ఆసుపత్రైనా, ప్రైవేటైనా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. మారుమూల పలిమెలలోనో గంగారంలోనో ఉన్న ఆడపిల్లకు ఆ గంటల్లో సగం ఇంట్లో ఎవరికి చెప్పాలా అన్న దగ్గరే కరిగిపోతాయి.

నేను రాస్తున్నది ఆ తర్వాతి రోజుల గురించి. పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో మంట, నిద్ర పట్టకపోవడం. రిపోర్టులో ఏమీ లేదంటారు. ఏమీ లేదంటే నొప్పి అబద్ధమని కాదు గదా! వికారం ఆ హెచ్‌ఐవీ మందుల వల్ల కావచ్చు. బెదిరిన మనసు ఒంటినొప్పిగానూ బయటపడుతుంది. అయినా పరీక్ష మానకూడదు: హెచ్‌ఐవీ, సిఫిలిస్ తొలి రక్తపరీక్షలో కనబడకపోవచ్చు, మూడు నెలల దాకా మళ్లీ చూడాలి. ఈ మాట ఆమెకు ఎవరు చెబుతున్నారు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటా ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. అక్కడ ఇలా వచ్చినవాళ్లకు మళ్లీ ఏ తేదీన రావాలో రాసిచ్చే ఒక కాగితం, పైన రోగం పేరు లేకుండా. చదవలేనివాళ్లకు లంబాడీలో, కోయలో చెప్పే ఒక నర్సమ్మ. ఓపీ వరుసలో అందరి ముందు "ఏమైందమ్మా?" అని అడగని ఒక గది. ఇవి ఏర్పాటు చేయండి. దారి ఖర్చులు కూడా ఇప్పిస్తే, రెండోసారి తప్పకుండా వస్తారు.

ఇట్లు,
ఓరుగల్లు పక్క పల్లె మనిషి