ఎడమచేతిని అడిగి కొనవలసిన వాద్యం

సంగీత వాద్యాలు అమ్మే దుకాణాలలో ఒక దృశ్యం తరచు కనిపిస్తుంది. పియానో పాఠాలు మొదలుపెట్టి ఏడాది దాటిన పదేళ్ల అమ్మాయిని వెంటబెట్టుకొని తండ్రి వస్తాడు. అమ్మకందారు ఒక మీట నొక్కి, ఎడమచేతి వేలితో ఒకే ఒక మెట్టును తాకుతాడు. మరుక్షణం డ్రమ్ములు, బేస్ గిటారు, వయొలిన్లు అన్నీ ఒక్కసారిగా మేలుకొంటాయి. కుడిచేతితో అతడు అందరికీ తెలిసిన సినిమా పాట వరుసను వాయించేసరికి దుకాణమంతా కచేరీ అయిపోతుంది. తండ్రి ముఖం వికసిస్తుంది. అమ్మాయి మాత్రం పక్కనున్న మరో వాద్యం మెట్లు మెల్లగా నొక్కి చూసి, "నాన్నా, ఇదీ మా టీచరుగారింట్లో పియానోలాగా బరువుగా ఉంది" అంటుంది. ఆ చిన్న మాటలోని అంతరార్థం గ్రహించకుండా కొన్న వాద్యం ఆరునెలలు తిరగకముందే ముసుగు కప్పుకొని మూలకు చేరడం వింత కాదు.

తండ్రి ముచ్చటనూ, కూతురి అవసరాన్నీ కలిపి తీరుస్తానని ముందుకు వచ్చే వాద్యం ఒకటి ఉంది. పియానోకు ఉన్నట్లే 88 మెట్లు, పియానో మెట్టుకు ఉన్నట్లే బరువు, వాటికి తోడు అడిగిన తాళంలో వెంట నడిచే బృందం. ఇవన్నీ ఒకే పెట్టెలో దొరుకుతాయి. తోడు బృందం ఉన్న కీబోర్డును వ్యాపార భాషలో 'అరేంజర్' అంటారు. అయితే ఈ పెట్టెలో కాపురం చేస్తున్నవి రెండు వేర్వేరు వంశాలు. వాటి స్వభావాలు తెలిస్తే తప్ప ఎంపిక సాధ్యం కాదు.

మొదటిది పియానో వంశం. ఫ్లారెన్సు నగరంలో మెడిచీ ప్రభువుల కొలువులో ఉన్న బార్తొలొమేయో క్రిస్తోఫొరి 1700 ప్రాంతంలో ఒక వాద్యాన్ని రూపొందించాడు. అంతకు ముందున్న హార్ప్‌సికార్డులో మెట్టు నొక్కితే తీగను మీటేది; క్రిస్తోఫొరి వాద్యంలో చిన్న సుత్తి వెళ్లి తీగను కొట్టేది. వేలు నెమ్మదిగా దిగితే మృదువుగా, వేగంగా దిగితే గంభీరంగా నాదం పలికేది. రెండవది ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య గృహాలలో వెలసిన ఎలక్ట్రానిక్ ఆర్గన్ల వంశం. తాళం వేసే యంత్రం, ఎడమచేతి స్వరాలను పసిగట్టి తోడు వాయించే ఏర్పాటు ఆ ఆర్గన్లలోనే పెరిగాయి. 1980లో కాసియో సంస్థ తొలి కాసియోటోన్‌ను విడుదల చేసిన తరువాత, అటువంటి సౌకర్యాలు చిన్న కీబోర్డుల రూపంలో సామాన్యుల ఇళ్లకు చేరాయి.

ఈ రెండు వంశాలకూ అసలైన భేదం ఎడమచేతిలో ఉంది. పియానో మీద ఎడమచెయ్యి స్వతంత్రుడైన రెండో గాయకుడు. కుడిచెయ్యి ఒక మాట అంటే అది మరొక మాటతో జవాబు చెబుతుంది. అరేంజర్ మీద అదే చెయ్యి బృందానికి సైగ చేసే నాయకుడు. మూడు నాలుగు స్వరాలను కలిపి నొక్కి, ఏ 'కార్డ్' వాయించాలో చెప్పి ఊరుకుంటుంది. తక్కిన పని యంత్రం చేస్తుంది. రెండూ విద్యలే. కాని ఒకటి నేర్చినంత మాత్రాన రెండవది రాదు. రెండేళ్లపాటు సైగలు మాత్రమే చేసిన ఎడమచేతిని పియానో ముందు కూర్చోబెడితే, మాట రాని పసివాడిలా తడబడుతుంది. కొనేవారు మొదట తేల్చుకోవలసింది ఈ విషయమే.

ఇక మెట్టు సంగతి. తేలిక కీబోర్డులో మెట్టు కింద స్ప్రింగు ఉంటుంది. బరువు మెట్టు కిందనో వెనుకనో నిజమైన చిన్న సుత్తి ఒకటి లేచి పడుతుంది. అది కొట్టడానికి తీగ లేదు. వేలికి పియానో అనుభవం కల్పించడమే దాని పని. మెట్టు ఎంత వేగంగా దిగిందో లోపలి సెన్సర్లు కొలిచి, ఆ లెక్కన ధ్వనిని పలికిస్తాయి. నిజమైన పియానోలో మంద్రస్థాయి సుత్తులు పెద్దవి, తారస్థాయివి చిన్నవి. మంచి బరువు మెట్లలోనూ ఎడమ కొసన బరువు ఎక్కువగాను, కుడి కొసకు పోను పోను తక్కువగాను ఉంటుంది.

దుకాణాలలో వినిపించే మాటలు ఇక్కడే తికమక పెడతాయి. 'టచ్ సెన్సిటివ్' అంటే వేలి వేగాన్ని గుర్తిస్తుందని మాత్రమే అర్థం; బరువు ఉన్నట్లు కాదు. 'సెమీ వెయిటెడ్' అంటే స్ప్రింగుకే కొంత భారం జోడించారన్నమాట. 'హామర్ యాక్షన్' అన్నప్పుడే సుత్తి ఉన్నట్లు. 88 మెట్లు ఉన్నంత మాత్రాన అవి బరువు మెట్లని అనుకోరాదు. పరీక్ష కూడా సులభమే. అతి మెల్లగా నొక్కినప్పుడు నాదం సన్నగానైనా పలకాలి. ఒకే మెట్టును త్వరత్వరగా పదిసార్లు కొడితే పదీ వినిపించాలి. నల్లమెట్ల నడుమకు వేళ్లు జొనిపి తెల్లమెట్టును లోపలివైపు నొక్కినప్పుడు మరీ మొండికెత్తకూడదు. చవక వాద్యాల గుట్టు బయటపడే చోటు ఈ లోపలి కొసే.

తోడు బృందాన్ని పరీక్షించే పద్ధతి వేరు. ఎన్ని వందల 'స్టైల్స్' ఉన్నాయన్న లెక్క కన్న, వాయించేవారికి కావలసిన పది ఉన్నాయా అన్నది ముఖ్యం. ఫ్యాక్టరీ నుంచి వచ్చే వరుసలలో నాలుగు, మూడు మాత్రల నడకలే అధికం. ఏడు మాత్రల మిశ్రచాపు, అయిదు మాత్రల ఖండచాపు కావాలంటే, సొంతంగా స్టైల్ తయారు చేసుకొనే వీలుందో లేదో ముందే అడగాలి. రెండవది గమకం. మెట్ల వాద్యం మీద స్వరం నుంచి స్వరానికి జారడం కుదరదన్న ఆక్షేపణ మన దేశంలో పాతదే. ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని దూరంగా ఉంచడానికి చెప్పిన కారణాలలో అదొకటి. కీబోర్డుకు ఎడమవైపున ఉండే 'పిచ్ బెండ్' చక్రం ఆ లోటును కొంతవరకు తీరుస్తుంది. పియానోగా మాత్రమే తయారైన అనేక వాద్యాలకు ఈ చక్రం ఉండదు. మన పాటలు వాయించదలచినవారు దాన్ని వెతికి చూడాలి.

రెండు వంశాలూ ఒకే పెట్టెలో ఉన్నప్పుడు కొన్ని తగవులు తప్పవు. వాద్యం ఒకేసారి ఇన్ని స్వరాలే పలికించగలదన్న పరిమితి ఉంటుంది. దానిని 'పాలిఫొనీ' అంటారు. పెడల్ తొక్కి పియానో వాయిస్తుండగా వెనుక బృందం కూడా నడుస్తుంటే ఆ కోటా త్వరగా నిండిపోయి, పాత స్వరాలు నడుమనే తెగిపోతాయి. 64 స్వరాల వాద్యంలో ఇది వినిపించవచ్చు. 128, ఆ పైన ఉంటే మేలు. రెండో తగవు వేళ్లది. వేణువు జిలుగులు, ఆర్గన్ జారుడులు బరువు మెట్ల మీద అలసట కలిగిస్తాయి. అందుకే ఆర్కెస్ట్రాలలో తిరిగే వాయిద్యకారులు అనేకులు తేలిక మెట్లనే కోరుకుంటారు. భారతీయ స్వరాలు, తాళాలతో ఈ దేశం కోసం తయారైన యమహా పి.ఎస్.ఆర్.-ఐ500, కాసియో సి.టి.-ఎక్స్870ఐ.ఎన్. వంటివీ 61 తేలిక మెట్లవే.

మూడో తగవు మోతది. 61 మెట్ల ఇంటి కీబోర్డును ఒక చంకన పెట్టుకొని బస్సెక్కవచ్చు. 2020 చివర ప్రకటించిన యమహా డి.జి.ఎక్స్.-670 బరువు, స్టాండు కాక, 21.4 కిలోలు. పొడవు నాలుగున్నర అడుగులు దాటుతుంది. 2019 నాటి కాసియో పి.ఎక్స్.-ఎస్3000 బరువు 11.4 కిలోలే, ఆరు పెన్సిల్ సెల్స్‌తోనూ నడుస్తుంది. కరెంటు కోతలు అలవాటైన ఊళ్లలో ఇది చిన్న సుగుణమేమీ కాదు. బరువు వాద్యాన్ని కత్తెర కాళ్ల సన్న స్టాండు మీద పెడితే ఊగుతుంది. నాలుగు కాళ్ల స్టాండు ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

మరి ఈ ఉమ్మడి వాద్యం ఎవరికి? వారం వారం పెళ్లిళ్లకు మోసుకుపోయే వాయిద్యకారుడికి కాదు. ఒకేచోట కదలకుండా ఉండే చర్చి వాద్యకారుడికి బాగా నప్పుతుంది. పాడేవారు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా ఒక మీటతో శ్రుతి మార్చుకోవచ్చు. బృందం లేని ఆదివారం ఆ లోటు తెలియదు. ఉద్యోగ విరమణ తరువాత పాత పాటలు వాయించుకోదలచిన పెద్దలకు బరువు మెట్లు తప్పనిసరి కాదు. పియానో పరీక్షలకు చదివే పిల్లలకు మాత్రం మెట్టే ప్రధానం. బృందం బహుమతి వంటిది. లండన్‌లోని ట్రినిటీ కళాశాల వంటి సంస్థలు పియానోకూ, ఎలక్ట్రానిక్ కీబోర్డుకూ వేర్వేరు పాఠ్యక్రమాలు, వేర్వేరు పరీక్షలు నడుపుతాయి. పిల్ల ఏ పరీక్షకు వెళుతున్నదో టీచరును అడగకుండా డబ్బు చెల్లించడం తొందరపాటు. ఖరీదు ఒకటే అయినప్పుడు, స్టైల్స్ తక్కువై మెట్టు మంచిదైన వాద్యమే అటువంటి ఇంటికి తగినది. స్టైల్స్‌ను కొన్ని వాద్యాలలో తరువాత చేర్చుకోవచ్చు, మెట్లను మార్చుకోలేరు.

దుకాణంలో తండ్రి చేయవలసిన పని ఒకటే మిగిలింది. అమ్మకందారును మర్యాదగా ఆపి, తోడు బృందాన్ని కట్టివేయించి, పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టాలి. ఆమె నేర్చుకుంటున్న పాఠాన్ని రెండు చేతులతోనూ పది నిమిషాలు వాయించనివ్వాలి. ఎడమచెయ్యి తాను చెప్పదలచినదంతా ఆ మెట్ల మీద చెప్పగలిగితే, అప్పుడు బృందాన్ని పిలవవచ్చు. తండ్రి కూడా ఆనందంగా ఒక పాట వాయించుకోవచ్చు.