కుర్చీ బల్లభ్‌గఢ్‌లో, కోడి కిష్టారంలో

కోడిని కోడి మీదికి ఉసిగొల్పితే మన జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పడే జరిమానా ఎంతో తెలుసా? మొదటి తప్పుకు రూ.10కి తగ్గకుండా, రూ.50కి మించకుండా. 1960లో రాసిన అంకెలివి. వాటిని పెంచుతూ కేంద్రం ఒక సవరణ ముసాయిదాను జనం ముందు పెట్టింది 2022లో.

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కోంటా బ్లాకులో ఉన్న కిష్టారం పేరు తెలుగు పాఠకుడికి మందుపాతరల వార్తల్లోనే పరిచయం. 2018 మార్చి 13న 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు బలైంది ఆ దారిలోనే. బస్తర్ సంతల్లో కోడిపందెం మామూలు దృశ్యం. కాలికి కత్తి కడతారు, చుట్టూ పందేలు కాస్తారు, ఓడిన పుంజు గెలిచినవాడి కూరకుండలోకి పోతుంది. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల చేతులు మారే సొమ్ముతో పోలిస్తే ఇదెంత? కత్తి దిగిన కోడికి మాత్రం ఆ తేడా తెలియదు.

ఈ కోడి తరఫున మాట్లాడాల్సింది భారత జంతు సంక్షేమ మండలి. రాజ్యసభకు నామినేట్ అయిన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ ప్రైవేటు బిల్లు తెస్తే, ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాటిచ్చి ఉపసంహరింపజేశారు. ఆ మాట 1960లో చట్టమైంది. 1962లో మండలి ఏర్పడింది, ఆమే తొలి అధ్యక్షురాలు. ఆమెకు శాఖ లేదు, ప్రమోషన్ బెంగ లేదు. ఉన్నదల్లా నోరే.

ఆ తర్వాతి కథ వేరు. 2014లో జల్లికట్టుపై సుప్రీంకోర్టులో గెలిచిన కేసు మండలి పేరుమీదే ఉంది. అదే మండలి 2023 ఫిబ్రవరిలో ప్రేమికుల దినాన ఆవుల్ని కౌగిలించుకోమని పిలుపిచ్చి, నవ్వులపాలై, నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకుంది. ఇటీవలి సంవత్సరాల్లో కేంద్ర పశుసంవర్ధక కమిషనరే ఈ కుర్చీలో కూర్చున్న సందర్భమూ ఉంది. పాలు, గుడ్లు, మాంసం దిగుబడి పెంచడం ఒక ఉద్యోగం, వాటినిచ్చే జీవాల బాధ పట్టించుకోవడం మరో ఉద్యోగం. రెంటికీ ఒకే మనిషా? ఆ అధికారి ఎంత మంచివాడైనా ప్రశ్న ప్రశ్నే.

పైగా మండలికి ఉన్నది ప్రధానంగా సలహా అధికారం. కేసు పెట్టాల్సింది రాష్ట్ర పోలీసులు. 2018లో చెన్నై నుంచి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు మారిన కార్యాలయంలో సంతకమైన లేఖ రాయ్‌పూర్, సుక్మా దాటి కిష్టారం ఠాణాకు చేరాలి. ఏళ్ల తరబడి మందుపాతరలు వెతికిన ఠాణా అది. రూ.50 కేసు కోసం సంతకు జీపు పంపుతుందా? పంపినా, పేద గోండును పట్టుకుని భీమవరం పెద్దమనుషుల్ని వదిలేస్తే అది జంతు ప్రేమ అనిపించుకోదు.

జిల్లాకో జంతు హింస నివారణ సంఘం ఉండాలని 2001లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. కొత్త అధ్యక్షులు ఎవరైనా, మొదటి లేఖ అన్ని రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు రాయాలి: మీ జిల్లాల్లో ఎన్నింట ఆ సంఘం పనిచేస్తోంది, పశువైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడు? వచ్చిన జవాబుల్ని, రాని జవాబుల్ని కూడా పార్లమెంటు ముందు పెట్టాలి. మండలిలో ఆరుగురు ఎంపీలకు చోటిచ్చింది అందుకే కదా.