పాత కారు లోపలి శుభ్రము

మన సంఘ సభ్యులలో సొంత కారు గలవారు నానాటికి హెచ్చుచున్నారు. సంతోషింపదగిన విషయమే. అయితే ఆ కార్లలో అధికభాగము కొత్తవి కావు. పట్నమున పది పదునైదేండ్లు తిరిగి, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారి, తుదకు మన వాకిళ్లకు చేరినవి. 1983 డిసెంబరులో మొదట వెలువడి 2014లో తయారీ నిలిచిపోయిన మారుతి 800, ఆ సంవత్సరమే తయారీ ఆగిన అంబాసిడరు, పాత జీపులు మున్నగువానికి మన పల్లెలలో నింకను ఆదరము తగ్గలేదు. పట్నవాసికి కారు మనుష్యులను మోయు వాహనము. మనకో, అది బండి. పిల్లవాని అక్షరాభ్యాసమునకు ప్రొద్దున బాసరకు పోయివచ్చిన కారే మధ్యాహ్నము యూరియా సంచులను, సాయంకాలము పురుగుమందు డబ్బాలను మోసికొని వచ్చును. కావున దాని లోపలిభాగమును శుభ్రపరచుట సోకు కాదు, సేద్యపు పనులలో నొకటి యని నా యభిప్రాయము. ఆ పనికి అంగడిలో అమ్ము సీసాలు అక్కరలేదనియు, ఇంటి వస్తువులే చాలుననియు, కాని వానివలన కాని పని యొకటి కలదనియు ఈ క్రింద విన్నవించుచున్నాను.

పోయిన వానకాలమున ముధోల్ వైపు ఒక గ్రామమునకు పత్తిచేలు చూచుటకు పోయినప్పుడు, అచ్చటి సభ్యుడొకరు తన కారులో నన్ను కూర్చుండబెట్టుకొని పోయిరి. లోపల నిమ్మపండు పరిమళము గుప్పున కొట్టినది. వెనుక కూర్చున్న వారి చిన్న కుమార్తె “గీ కార్ల గూసుంటె నెత్తి నొస్తది నాయినా” అన్నది. తండ్రి నవ్వి, “ఏదో వాసనొస్తున్నదని సెంటు డబ్బ వెట్టిన సారూ, అయినా గిట్లనే అంటది” అనిరి. నేను చేనివద్ద దిగి వెనుక పరచిన చాపను ఎత్తి చూచితిని. దాని క్రింద అరచేయంత మేర నూనె మరక. క్లోరిపైరిఫాస్ డబ్బా మూత వదులై కారినదట, ఎప్పుడో వారికిని జ్ఞాపకము లేదు. ఆ బిడ్డ కాళ్లు పెట్టుకొను చోటు అదియే.

అది మొదలు కారులో వ్రేలాడు పరిమళపు డబ్బాలయెడ నాకు గౌరవము పోయినది. దుర్వాసన యనునది చెప్పుడు చాకరి వంటిది. ఎక్కడనో తప్పు జరిగినదని యజమానికి తెలియజేయును. దాని నోరు మూసి, తప్పు సరిపోయినదని తలంచుట తెలివి కాదు. ముందు వాసన యెక్కడనుండి వచ్చుచున్నదో వెదకవలెను. చాపలెత్తవలెను. సీట్ల క్రింద చేయి పెట్టవలెను. పాత కార్లలో నెలుకలు చేరి చచ్చుటయు గలదు కనుక కఱ్ఱతో కదిపిన పిదప చేయి పెట్టుట మేలు.

ఇక మన్ను సంగతి. మనది నల్లరేగడి. తడిగా నుండగా తుడిచినచో బంకవలె సాగి, సీటు బట్టలోని పోగుల నడుమకు దిగిపోవును. అనేకులు కారును ఇంటికి తెచ్చిన వెంటనే బకెట్టుతో నీళ్లు కుమ్మరించి ఆ బురదను శాశ్వతము చేసికొనుచున్నారు. ఎండనిచ్చిన యెడల అదియే బీటలు వారి పెళ్లలుగా లేచును. పొలమున తెలిసిన యీ సంగతిని కారులో మరచుచున్నాము. నాలుగు తలుపులు తెరచి, ఒక పూట యెండలో నుంచి, చాపలను బయట దులిపి, మెత్తని చీపురుతో పైనుండి క్రిందికి ఊడ్చవలెను. సందులలోనికి పాత పళ్ల బ్రష్షు, రంగులు వేయు కుంచె చక్కగా పోవును. గాలి వచ్చు రంధ్రములలోని దుమ్మును సైకిలు పంపుతో ఊదివేయవచ్చును. ఇంత చేసినగాని నీటి చుక్క తగులనీయరాదు.

ఎరువుల విషయము ఇంతకంటె ముఖ్యము. యూరియా గాలిలోని తేమను పీల్చుకొనును. సంచి కుట్టునుండి రాలిన గింజలు చాప క్రింద కరగి, క్రమముగా విచ్ఛిన్నమై, అమోనియా వాయువును విడుచును. పశువుల కొట్టములో ముక్కునకు తగులు ఘాటు అదియే. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఉప్పు జాతికి చెందినది. ఇనుమునకు తుప్పు పట్టించుటలో సముద్రపు టుప్పునకు తీసిపోదు. పాత కార్ల అడుగు రేకులు బయటి వానకంటె లోపలి యెరువుతోనే ముందుగా చిల్లులు పడుట నేను పలుమారులు చూచితిని. అట్టి చిల్లునకు రేకు అతికించుటకు అగు వ్యయములో ఒక టార్పాలిను కొనవచ్చును. రాలిన యెరువును మొదట పొడిగా ఊడ్చియెత్తి చేనికే వేయుడు. పిదప తడిబట్టతో రెండు మూడు సారులు, ప్రతిసారియు నీరు మార్చి, రేకును తుడువుడు. ఉప్పునకు నీరే మందు, సబ్బుతో పని లేదు. తుడిచినంతసేపు కంటె ఆరబెట్టినంతసేపు ఎక్కువగా నుండవలెను. తడి రేకుపై చాప వేసి మూసినచో, చేసిన పని యంతయు తుప్పునకే సాయపడును.

సీట్లకు మన యింటి కుంకుడుకాయను మించినది లేదు. పది పండ్రెండు కాయలు పగులగొట్టి గింజలు తీసివేసి, అరలీటరు గోరువెచ్చని నీటిలో రాత్రి నానవేసి, ఉదయమున పిసికి వడగట్టవలెను. ఆ రసమును చిలికి నురుగును మాత్రము బట్టపై రాచి, తడిగుడ్డతో తీసివేయవలెను. రసమునే పోసిన లోపలి స్పాంజి నీరు త్రాగి, పైకి ఆరినట్లు కనబడుచు లోపల బూజు పట్టును. తెల్లని బట్టపై కుంకుడు రంగు దిగవచ్చును గనుక మొదట సీటు వెనుక మూలను పరీక్షించుకొనుడు. రెక్సిను సీట్లకు నురుగు తుడుపే చాలును. కొబ్బరినూనె రాచి మెరపించువారు కొందరున్నారు. ఆ మెరుపు ఒక్కదినము. అటుపిమ్మట దారి దుమ్మంతయు దానికే అంటుకొనును. సీటు బెల్టులను కూడ ఈ నురుగుతోనే కడిగి నీడను ఆరవేయవలెను. బ్లీచింగు తగిలిన దాని దారములు బలము తగ్గును.

పసుపు రైతులకు ఒక్క మాట. నిజామాబాదు మార్కెట్టునకు పసుపు సంచి వేసికొని పోయి వచ్చిన పిదప సీటుపై పడిన మరకను సబ్బుతో, సోడాతో రుద్దకుడు. క్షారము తగిలిన పసుపు ఎఱ్ఱబారుట మన స్త్రీలందరు ఎరిగినదే. పసుపు సున్నము కలిపిన పారాణి యగుటకు కారణము అదియే. పొడిని దులిపి, చల్లని నీటితో అద్ది, ఎండలో నుంచుడు. పసుపు రంగునకు సూర్యుడే శత్రువు. నాలుగైదు దినములలో చాలవరకు వెలిసిపోవును.

పాలు ఒలికినచోట వేడినీరు పోయరాదు. పాలలోని మాంసకృత్తు వేడికి గట్టిపడి బట్టను పట్టుకొనును. చల్లని నీటితో తీసి, ఆరిన పిదప తినేసోడాను పలుచగా చల్లి, రాత్రియంతయు వదలి ఉదయమున ఊడ్చివేయుడు. పులిసిన వాసనలు ఆమ్లజాతివి, సోడా క్షారము. ఒకదాని నొకటి విరుచును. వానకాలపు ముక్కవాసనకు పాత వార్తాపత్రికలను చాపల క్రింద పరచి దినదినము మార్చినచో తేమను పీల్చును. అద్దములకు వినెగరును సమభాగము నీటితో కలిపి, అదే వార్తాపత్రికతో తుడువవచ్చును. ముందరి యద్దము లోపలివైపున నూనెపొర వంటి మసక యేర్పడును. పగలు కనబడదు. రాత్రివేళ నాగపూరు రోడ్డుపై ఎదురు లారీ దీపములు పడినప్పుడు కన్నులు బైర్లు కమ్ముటకు సగము కారణము అదియే.

వీని కన్నిటికిని కలిపి రెండు వందల రూపాయలు దాటవు. అయితే చవుకది యెల్ల క్షేమమైనది కాదు. కిరోసినుతో, పెట్రోలుతో లోపల తుడువరాదు. రెక్సిను బిరుసెక్కి పగులును, మూసిన కారులో ఆ ఆవిరి నిప్పునకు కాచుకొని యుండును. బ్లీచింగు పొడిని వినెగరుతోగాని నిమ్మరసముతోగాని మరుగుదొడ్డి యాసిడుతోగాని కలుపరాదు. రెండును శుభ్రపరచునవే గదా, కలిపిన రెట్టింపు పని చేయునని తలంతురు. కలిపినచో క్లోరిను వాయువు పుట్టును. 1915 ఏప్రిలులో బెల్జియము దేశమున ఈప్ర్ వద్ద జర్మను సైన్యము శత్రువులపై వదలిన విషవాయువు ఆ క్లోరినే. దానిని మన కారులో, తలుపులు మూసికొని, మన చేతులతో తయారు చేసికొనుట యెందులకు?

ఇప్పుడు పురుగుమందు. ఇంతవరకు చెప్పిన వస్తువులేవియు దీనికి చాలవు. సోడాయు నిమ్మయు వాసనను తగ్గించును, విషమును తీయవు. విషము ముక్కుద్వారముననే గాక చర్మముగుండ కూడ ఒంటికెక్కును. ఎండలో మూసియుంచిన కారు వేడెక్కినకొలది ఆవిరి హెచ్చును. మందు ఒలికిన వెంటనే చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, పొడి మన్నుగాని బూడిదగాని రంపపుపొట్టుగాని దానిపై పోసి పీల్చనిచ్చి యెత్తివేయవలెను. రేకుపై పడినదైన బట్టలసోడా, సబ్బు కలిపిన నీటితో పలుమారులు తుడువుడు. ఇచ్చట బ్లీచింగు పనికిరాదు. క్లోరిపైరిఫాస్ వంటి మందులను అది మరింత తీవ్రమైన విషముగా మార్చగలదు. చాపయో, స్పాంజియో, సీటు బట్టయో చిక్కని మందు త్రాగినయెడల దానిని శుభ్రపరచు ప్రయత్నము మానుడు. తీసివేయుటయే. కాల్చరాదు, చెరువులో వేయరాదు. బావికిని చెరువునకును దూరముగా లోతైన గోతిలో పూడ్చవలెను. ఆ కడిగిన నీటిని కూడ గొడ్లు త్రాగు చోటికి పోనీయరాదు.

ఇది పెద్దది చేసి చెప్పుట యని కొందరనవచ్చును. 1958లో కేరళమున, పారాథియాన్ అను పురుగుమందుతో కలసి ఓడలో వచ్చిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా మరణించిరి. అది యేరును చేనును కాదు, కేవలము రవాణాలో జరిగిన తప్పు. దాని ఫలముగానే 1968లో పురుగుమందుల చట్టము పుట్టినది. 2013 జూలైలో బీహారు రాష్ట్రమున సారణ్ జిల్లా పాఠశాలలో మోనోక్రోటోఫాస్ కలసిన నూనెతో వండిన భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. పెన్‌గంగ కావలి యవత్‌మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొట్టుచు ఇరువదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. వారి నేలయు మన నేలవంటిదే, పంటయు మన పంటయే.

ఈ విషయమున నా తప్పును కూడ ఒప్పుకొనవలెను. ఏ మందు ఎకరమునకు ఎంత, ఎన్ని దినములకొకసారి యని నేను ఎన్నియో సభలలో చెప్పితిని. దుకాణమునుండి ఇంటికి దానిని ఎట్లు తేవలెనో ఒక్కనాడును చెప్పలేదు. ఎవరును అడుగలేదు, నాకును తోచలేదు.

డిక్కీలో పెట్టెదమందురు. అంబాసిడరునకు డిక్కీ వేరుగా నున్నది, కొంత నయము. మారుతి 800 వంటి బండ్లలో డిక్కీకిని వెనుక సీటునకును నడుమ గోడ లేదు. అందు పెట్టుట పిల్లల వీపు వెనుక పెట్టుటయే. పైన క్యారియరు గలవారు ఒక రేకు ట్రంకుపెట్టెలో అడుగున బూడిద పోసి, డబ్బాలను నిలువుగా నుంచి, తాళము వేసి దానిపై కట్టవచ్చును. కొయ్యపెట్టె చేయింతుమని మన నిర్మల్ వారికి తోచుట సహజమే గాని, పొనికి కొయ్య బొమ్మలకే బాగు; మందు కారిన అది పీల్చుకొని విడువదు.

నా మనవి సంఘమునకు. సంఘము ఎరువులను అమ్ముచున్నది. పత్తికాలమున వారమునకొకనాడు సభ్యుల మందుల చీటీలను కూడబెట్టి, ఒక ట్రాక్టరు ట్రాలీలో తెప్పించి, గ్రామమున ఒకచోట పంచిపెట్టుట అసాధ్యము కాదు. కిరాయి సభ్యులపై పడినను ఒక్కొక్కరికి వచ్చునది స్వల్పమే. వచ్చు మహాసభలో దీనిని చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గమును కోరుచున్నాను. దీనికి ఎదురు చెప్పువారు కూడ అచ్చటనే చెప్పుదురుగాక.

ముధోల్ వైపు సభ్యుడు ఆ దినముననే చాపను, వెనుక సీటు క్రింది స్పాంజిని తీయించి పూడ్చివేసిరి. కొత్త స్పాంజి వేయించుటకు వారికి అయిన ఖర్చు ఆ యేటి సెంటు డబ్బాల ఖర్చుకంటె కొంచెమే యెక్కువట. దసరాకు మరల ఆ కారెక్కితిని. లోపల కుంకుడుకాయ వాసన తప్ప మరియొకటి లేదు. ఆ పాప కిటికీవద్ద కూర్చుండి దారి పొడుగున మాటలాడుచునే యుండెను.