వుజూ నీళ్ళకు వేరే స్విచ్చి
అలిపిరి ప్రాంతంలో చలి వేసేదీ, ముసురు పట్టి సూర్యుడు కనబడనిదీ ఇంచుమించు ఒకే కాలం. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వేళ మేడమీది సోలార్ హీటరు చేతులెత్తేస్తుంది. అందుకే దాని ట్యాంకులో కరెంటు కాయిల్ కూడా పెట్టిస్తారు. మంచిదే. కాని ఫజ్ర్ వేళ వృద్ధులైన తల్లిదండ్రుల వుజూ కోసం ఆ స్విచ్చి వేస్తే వేడెక్కేది 100 లీటర్లు! 25 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు చేరడానికి సుమారు 4 యూనిట్ల విద్యుత్తు, 2 కిలోవాట్ల కాయిల్‌కు 2 గంటల సమయం కావాలి. జమాఅత్ అంతవరకు ఆగదు గనుక రాత్రే స్విచ్చి వేసి పడుకుంటారు. మరునాడు ఎండ కాసినా, అప్పటికే కాగి ఉన్న ట్యాంకులో దానికి పని మిగలదు.

దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. మనం ధారాళంగా 3 లీటర్లనే అనుకుందాం. అవి గోరువెచ్చనయ్యేందుకు యూనిట్‌లో పదహారో వంతు చాలు. వుజూ కొళాయి వద్ద 3 లీటర్ల చిన్న గీజరు, దానికి విడిగా స్విచ్చి ఉంటే రెండు నిమిషాలలోపే పని అవుతుంది. మేడ నుండి దిగే గొట్టంలో రాత్రంతా నిలిచిన చన్నీళ్ళను పారబోయనక్కరలేదు. పై కాయిల్ ముసురు రోజుల స్నానాలకే ఉంటుంది. చిన్న గీజరుకు 16 ఆంపియర్ల సాకెట్, ఎర్త్ తీగ తప్పనిసరి. స్విచ్చి ఆపిన తర్వాతే పెద్దలను కొళాయి వద్దకు పంపండి.